లెక్కపెట్టని నీళ్లు

మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రంలో మొదటి తొట్టి కట్టడం పూర్తయింది. అందులోకి నగరపు మురుగు వదిలే ముందు మంచినీళ్లు నింపి, గోడలు ఎక్కడైనా కారుతున్నాయేమో చూడాలి. నీళ్లు నింపారు. కాంక్రీటు పోసిన జట్టంతా సామాన్లు సర్దుకుని సముద్రతీరం వైపు ఇంకో పనికి వెళ్లిపోయింది. మట్టం చూసి చెప్పడానికి, నీళ్లకు కాపలా ఉండడానికి మేస్త్రీ ఫౌస్తినో ఒక్కడూ మిగిలాడు.

అదేమంత కష్టమైన పని కాదు. పొద్దున్నే గోడెక్కి, లోపలివైపు బిగించిన ఇనప కొలబద్ద చూడాలి. గోడ మీద ఒక వెడల్పాటి రేకు పళ్లెంలో కూడా నీళ్లు పోసి ఉంచారు. ఆ సోనోరా ఎడారి ఎండ రోజుకు ఎంత తాగేస్తోందో ఆ పళ్లెం చెబుతుంది. అంతకు మించి తొట్టిలో తగ్గిందంటే గోడ కారుతున్నట్టే. సోమవారం దాకా మట్టం నిలిస్తే పరీక్ష నెగ్గినట్టు. ఆ సాయంత్రమే ఫౌస్తినో బస్సెక్కేస్తాడు. దేశానికి ఆ కొసన, వహాకాలో ఉన్న తన ఊరు చేరేసరికి బుధవారం రాత్రవుతుంది. గురువారం అతని భార్య ఎర్మీనియాకు చర్చిలో ఏడాది పూజ.

ఆమె పోయినప్పుడు కూడా ఫౌస్తినో ఇలాంటి పనిలోనే, ఇంతే దూరంలో ఉన్నాడు. వెళ్లేసరికి మట్టి కప్పేశారు. ఏడాది పూజకైనా ముందు వరుసలో కూర్చుంటానని కూతురు ఒదీలియాకు మాటిచ్చాడు. చర్చిలో ఎర్మీనియా పేరు చదివేటప్పుడు తను అక్కడ ఉండాలి. ఈ ఏడాదంతా అతను కోరుకున్నది అదొక్కటే.

పరీక్ష మధ్యలో వచ్చిన శుక్రవారం, ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే తపస్కాలంలో నాలుగోది. వహాకా వాళ్లకు ఆ రోజు పండుగ. బావి దగ్గర యేసు ప్రభువు సమరయ స్త్రీని దాహం అడిగిన రోజు. ఇంటింటి ముందూ పూలు కట్టి, బల్ల వేసి, కుండల్లో పానకాలు పెట్టి దారిన పోయేవాళ్లందరికీ పోస్తారు. ఎర్మీనియాకు ఈ విషయంలో మహా పట్టుదల. అడిగినవాళ్లకు లేదనకూడదు, పోసింది లెక్కపెట్టకూడదు అనేది. ఒక ఏడు ఎన్ని గ్లాసులు పోయాయోనని ఫౌస్తినో నోరు జారితే, సిమెంటు బస్తాల లెక్క పని దగ్గర చూసుకో, నా గుమ్మంలో కాదు అని కసిరింది.

ఈ ఎడారి ఊళ్లవాళ్లకు ఆ పండుగ తెలియదు. అయినా ఫౌస్తినో గేటు బయట రెండు పీపాల మీద చెక్క పరిచి బల్ల వేశాడు. ఒక బకెట్లో చింతపండు పానకం, ఇంకోదాంట్లో ఎండిన గోంగూర పూలు నానేసిన ఎర్రటి నీళ్లు. పక్కన కూర్చున్నాడు. రెండు లారీలు దుమ్ము లేపుకుంటూ పోయాయి. ఈగలు వచ్చాయి. మధ్యాహ్నం దాటినా ఒక్క మనిషి ఆగలేదు. చివరికి తనే ఒక గ్లాసు తాగి, బకెట్ల మీద గుడ్డ కప్పాడు.

ఎండ వాలుతుండగా పాత పికప్ బండి ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగినావిడ పేరు త్రినిదాద్. దగ్గర్లోని రేకుల ఇళ్ల కాలనీలో ఉంటుంది. బండి వెనక ఖాళీ డ్రమ్ములు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"గ్లాసెంత?" అంది.

"డబ్బులొద్దమ్మా. ఈ రోజు మా ఊళ్లో ఇలా ఊరికే పోస్తాం."

"మీ ఊళ్లో పోసేదానికి ఇక్కడ కూర్చున్నావేం?" అని నవ్వి, వరసగా రెండు గ్లాసులు తాగింది. మూతి తుడుచుకుని తొట్టి గోడ వైపు చూసింది. "అందులోవి మంచినీళ్లేనట కదా. మా ట్యాంకరు వచ్చి వారమైంది. ఈ డ్రమ్ములు నింపుకోనిస్తావా మేస్త్రీ?"

కాదనడానికి ఫౌస్తినో నోరు తెరిచాడు. చుక్క కూడా ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని ఇంజనీరు బోర్కెస్ వెళ్తూ వెళ్తూ చెప్పాడు. కానీ ఈ పూట బల్ల వేసుకుని కూర్చున్నవాడు, దాహం అడిగిన మనిషితో ఈ బకెట్లోవి ఇస్తాను, ఆ తొట్టిలోవి ఇవ్వను అని ఎలా అంటాడు? రబ్బరు గొట్టం ఒక కొస తొట్టిలో వేసి, రెండో కొస నోటితో పీల్చి డ్రమ్ములో పెట్టాడు. నీళ్లు గలగలా దిగాయి.

ఆమె వెళ్లి మళ్లీ వచ్చింది. ఆమె వెనక బకెట్లు, క్యాన్లు పట్టుకుని ఇంకొంతమంది వచ్చారు. పొద్దుగుంకేదాకా పోస్తూనే ఉన్నాడు. డ్రమ్ములెన్ని, బకెట్లెన్ని అన్నది కావాలనే చూడలేదు. ఎవరో అతని ఊరేదని అడిగారు. ఎవరో అతని యాసను అనుకరించి అందరినీ నవ్వించారు. అతనూ నవ్వాడు. అంతమంది మధ్య నిలబడి అతనికి చాలాకాలమైంది.

శనివారం పొద్దున కొలబద్ద చూశాడు. పళ్లెంలో దిగినదానికన్నా తొట్టిలో బాగా దిగింది. అనుకున్నదే అయినా వంగి మళ్లీ ఒకసారి చూశాడు. తొట్టిలోకి నీళ్లు వదిలే కవాటం పక్కనే ఉంది. తిప్పి పాత గీతదాకా నింపేస్తే ఎవరికీ తెలియదు. దాని మీద చేయి కూడా వేశాడు. కానీ దిగినదంతా డ్రమ్ముల్లోకే పోయిందని తనకేం తెలుసు? అందులో కొంత గోడలోంచి పోయుంటే? ఇప్పుడు నింపి కప్పెట్టేస్తే రేపు మురుగు ఇసుకలోకి ఇంకుతుంది. కాలనీ ట్యాంకరు నింపుకునే బావులు దిగువనే ఉన్నాయి. చేయి తీసేసి బోర్కెస్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

బోర్కెస్ కుర్రవాడే కానీ నెమ్మదస్తుడు. తిట్టలేదు.

"ఎన్ని డ్రమ్ములు పోయాయి మేస్త్రీ?"

"తెలియదండి."

"ఉజ్జాయింపుగా చెప్పండి. అంతమేర తీసేసి చూసుకుందాం. మీరు సోమవారం బస్సెక్కొచ్చు."

ఫౌస్తినో కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాడు. చాచిన చేతులు, తడిసిన చెప్పులు గుర్తొచ్చాయి. లెక్క మాత్రం రాలేదు. నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పేయొచ్చు. ఆ అంకె తప్పయితే మళ్లీ ఆ బావుల సంగతే.

"లెక్కపెట్టలేదండి. ఆ రోజు లెక్కపెట్టకూడదు."

"ఎవరన్నారు?"

"మా ఆవిడ."

అయితే మొదటినుంచీ మళ్లీ చూడాల్సిందేనన్నాడు బోర్కెస్, వచ్చే శనివారం దాకా. బదులుగా ఎవరినైనా పంపగలరా అని ఫౌస్తినో అడిగాడు. అందరూ తీరంలో పనిలో ఉన్నారు, ఎవరూ లేరన్నాడు. వదిలేసి పోదామా అంటే, తొట్టికి దారి ఇప్పుడు కాలనీ అంతటికీ తెలుసు. ఆ దారి చూపించింది తనే.

మధ్యాహ్నం త్రినిదాద్ మళ్లీ వచ్చింది.

"గొట్టమేది మేస్త్రీ?"

ఈ రోజు ఇవ్వలేనని చెప్పాడు. పరీక్ష గురించి, మట్టం గురించి చెప్పబోయాడు.

"నిన్న ఇచ్చావుగా."

"నిన్న మా పండుగమ్మా."

"మరి మాకు శుక్రవారాలే దాహమేస్తుందా?" అంది. గొంతు పెంచలేదు. తను తాగే నీళ్ల క్యాను ఇస్తానన్నాడు ఫౌస్తినో. ఆమె అప్పటికే బండి తిప్పేసింది.

ఆదివారం జపమాల పట్టుకుని కూర్చుంటే మనసు నిలవలేదు. ఇచ్చినవి తన నీళ్లు కావు. మరి అది దానమెలా అయింది? ఆ సమరయ స్త్రీ నీళ్లు చేదిన బావి మాత్రం ఆమెదా? ఏనాటి పూర్వికుడు యాకోబుదో. ఆమె ఎవరినడిగి చేదింది? శుక్రవారం ఇవ్వడం ఒప్పయితే శనివారం కాదనడం ఏమవుతుంది? దేవుణ్ణే అడిగాడు. అడిగి, వదిలేసిన పూస దగ్గరినుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఊరికి రాలేనని ఒదీలియాకు ఫోన్‌లో చెబితే, మళ్లీనా నాన్నా, అని మాత్రం అంది.

గురువారం సాయంత్రం ఊళ్లో పూజ అయ్యే వేళకు గోడెక్కి నిలబడ్డాడు. ఫోన్ పలికేది అక్కడొక్కచోటే. ఒదీలియా ఫోన్ ఎత్తేసరికి వెనక జనం మాటలు, గిన్నెల చప్పుడు. అందరూ భోజనాలకు కూర్చున్నారట.

"పేరు చదివారా?"

"చదివారు నాన్నా."

"పూర్తి పేరేనా?"

"ఎర్మీనియా లోపెస్ మతియాస్ అని పూర్తిగా చదివారు."

"ముందు వరసలో ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ కూర్చోలేదు. ఆ చోటు నీకోసం వదిలారు," అంది. అంతలో ఎవరో పిలిచారు. మళ్లీ చేస్తానని పెట్టేసింది.

ఫౌస్తినో వంగి కొలబద్ద చూశాడు. తొట్టిలో ఎంత దిగిందో పళ్లెంలోనూ అంతే దిగింది. గోడ వెంట చుట్టూ నడిచి బయటివైపు అతుకులన్నీ చూశాడు. ఎక్కడా తడి లేదు. గోడ గట్టిది. ఇన్నేళ్లలో ఎక్కడ ఏ గోడ నిలిచినా ముందు ఫోన్ చేసి చెప్పేది ఎర్మీనియాకే. సరే, తిన్నావా, అనేది ఆవిడ.

టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ప్రభువా, ఎర్మీనియాకు నిత్య విశ్రాంతి దయచేయండి," అన్నాడు. ఆ ప్రార్థనలో సగం ఒకరు చెప్పాలి, మిగతా సగం చుట్టూ ఉన్నవాళ్లు అందుకోవాలి. అలవాటు కొద్దీ ఆగాడు. ఎదురుగా నీళ్లు, వాటికవతల ఇసుక. కాసేపు చూసి, రెండో సగం కూడా తనే చెప్పాడు.