నలభైమూడో వస్తువు

మా ఆయన చేతులకు కళ్ళు లేవు. ఉంటే ఆ గురువారం అంత గొడవ జరిగేది కాదు.

ఆయన పేరు విన్సెంట్. దోహాలో పాతకాలపు వస్తువుల్ని దేశాలు దాటించే కంపెనీలో ప్యాకింగ్ ఫోర్‌మన్. ఎవరో షేకు గారు పోగుచేసుకున్న ఇత్తడి కూజాలు, కంచు పళ్ళేలు, మూతి విరిగిన గాజు బుడ్లు వేరే దేశపు మ్యూజియంలో చూపించడానికి పంపిస్తారు. వాటికి చెక్కపెట్టెలు చేసి, లోపల స్పాంజిని ఆ వస్తువు ఆకారానికి కోసి, పల్చటి తెల్ల కాగితంలో చుట్టి పడుకోబెట్టడం ఆయన పని. చేసి చేసి చేతులకు అదే ధ్యాస అయిపోయింది. ఇంటికి కోడిగుడ్లు తెచ్చినా ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టిగానీ పెట్టరు. పెళ్ళైన కొత్తలో నా గాజులు డబ్బాలో సర్ది, మీద ‘ఇది పైవైపు’ అని బాణం గుర్తు కూడా వేశారు.

అప్పటికి మా మోనికాకి ఎనిమిదో నెల. నాకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాక అది సీసా పట్టలేదు, చెంచా పట్టలేదు. ఉగ్గుగిన్నెతో పోస్తేనే తాగేది. ఆ గిన్నె మా అత్తగారు లూర్దమ్మ గారు పాలకొల్లు నుంచి చీరలో చుట్టి పంపింది. అరచేతిలో పట్టేంత కంచుగిన్నె, ఒకవైపు పిచ్చుక ముక్కులాంటి మూతి. వాళ్ళింట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా దాని మీద పేరు కొట్టిస్తారు. మొదట మా మామగారు సంజీవరావు గారి పేరు, దాని కింద విన్సెంట్, ఆ కింద కొత్తగా మోనికా. అన్నీ చుక్కల అక్షరాలే.

నేను అసలే భయస్తురాలిని. పిల్ల తుమ్మితే ఎందుకు తుమ్మిందని, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని, పుస్తకాలు చూసి పిల్లని పెంచడం రాదు. ఆ గిన్నె ఒక్కటే నా ధైర్యం.

ఆ గురువారం మధ్యాహ్నం ఆయన భోజనానికి రాలేదు. పెట్టెలు శనివారం విమానం ఎక్కాలట. కంపెనీ పికప్ తోలే లింబాద్రి అన్న అల్ ముంతజాలో మా ఇంటిముందు హారన్ కొట్టాడు. కారియర్ ఒక చేత్తో, పిల్ల చంకలో, ఉగ్గుగిన్నె సంచిలో. అల్ రయ్యాన్ దారిలో ఉన్న గోడౌన్‌కి వెళ్ళాం.

అక్కడ పొడుగాటి బల్ల మీద బూడిదరంగు కంబళి పరిచి షేకు గారి గిన్నెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఓ మూల కూర్చుని మోనికాకి సగం జావ పట్టాను. మిగతాది పట్టేలోపే నుదురు వెచ్చగా తగిలింది. గిన్నె కడిగి బల్ల చివర పెట్టి, పిల్లని ఆయన ముందుకు పట్టాను.

“ఏవండీ, ఒళ్ళు కాలిపోతోంది చూడండి.”

“పిల్ల కాలట్లేదే, దోహా అంతా కాలుతోంది. ఆగస్టు నెల.”

“నవ్వుతారేంటి? చెయ్యి పెట్టి చూడండి.”

“పెట్టానుగా. మంచులా ఉంది.”

ఆయన నా మొహం చూస్తూనే మాట్లాడారు. నేను పిల్ల నుదురు చూస్తూనే విన్నాను. ఆ మధ్యలో ఆయన చేతులు వాటంతట అవే గిన్నెను తీసి, తుడిచి, కాగితంలో చుట్టి, స్పాంజి కోసి, ఆరో నంబరు పెట్టెలో పడుకోబెట్టేశాయి. ఇద్దరం చూడలేదు. మోనికా మళ్ళీ నోరు తెరిచినప్పుడు బల్ల చివర ఖాళీ.

“గిన్నేదండీ?”

“ఏ గిన్నె?” అని ఆయన చేతులవైపు చూసుకున్నారు. మొహం తెల్లబోయింది.

అప్పటికే ఆలస్యమైంది. వస్తువుల్ని తీసుకెళ్ళే మ్యూజియం తరఫున ఒక దొరసాని పెట్టెలు తనిఖీ చేస్తోంది. జాబితాలో నలభై రెండు, పెట్టెల్లో నలభై మూడు. ఒకటి తగ్గితే ఏడుస్తారు గానీ ఒకటి ఎక్కువైతే ఎవరేడుస్తారు? ఆవిడ భూతద్దం పెట్టి మా గిన్నె మీద చుక్కలు చూసి, చిన్నపిల్లలా గంతులేసినంత పనిచేసింది. దారంతో చీటీ కట్టింది. నలభైమూడు. కాగితాల పని చూసే లియాఖత్ అలీ గారు ఆ నంబరు వేసిన జాబితా ఫ్యాక్స్ చేసేశారు.

“అది మా పిల్ల గిన్నె!” అని అరిచాను.

లియాఖత్ అలీ గారిది హైదరాబాదు. తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. తల పట్టుకున్నారు. “భాభీ, పావుగంట ముందుగాల చెప్తే అది గిన్నె. ఇప్పుడు అది నంబర్ నలభైమూడు. ఫ్యాక్స్ పోయింది. బీమా వాళ్ళకి సుతా పోయింది.”

“లియాఖత్ భాయ్, దాని మీద నా పేరుంది. నేను తాగి పెరిగిన గిన్నె,” అన్నారు మా ఆయన.

ఆ మాట లియాఖత్ గారు దొరసానికి ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ మా ఆయన్ని పైనుంచి కిందికి చూసి ఏదో అంది.

“పాత సామాన్ మీద నా పేరుందని చెప్పేటోళ్ళు అన్ని దేశాల్ల ఉంటారంట,” అని తర్జుమా చేశారు లియాఖత్ గారు.

నేను చదివి వినిపిస్తానన్నాను. సొంతదారుననే మనిషి చదివితే చెల్లదట. మా ఆయన చదివినా చెల్లదు. సంబంధం లేని మనిషి కావాలి. అందరూ గుమ్మంలో నిలబడ్డ లింబాద్రి అన్నవైపు తిరిగారు.

“నాల్గో తరగతి సదివిన. నడుస్తదా?” అన్నాడు.

నడిచింది. కానీ చదవడానికి కూడా చేతులకి తెల్ల తొడుగులు వేసుకోవాలట. వేసుకుని, గిన్నెను పసిబిడ్డలా పట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. “సం... జీ... వ... రావు.”

ఆయన ఏ రాజ్యం అని అడిగిందావిడ.

“పాలకొల్లు.”

“రెండో ఆయన?”

“గీ సారే. గీడనే ఉన్నడు.”

ఆవిడ తలెత్తలేదు, రాసుకుంటోంది. మూడో పేరు ఎవరిదని అడిగింది.

“గీ పొల్లది. ఇందాక నీ కోటు మీద కక్కింది గదా మేడమ్.”

లియాఖత్ గారు ఆ ముక్క తర్జుమా చేయలేదు. ఒకే వంశంలో ముగ్గురు, చివరి పాలకురాలు స్త్రీ అని ఆవిడ రాసుకుందని మా ఆయన తర్వాత కాగితం చూసి చెప్పారు. గిన్నె మూతి దగ్గర నొక్కులు ‘యుద్ధంలో అయి ఉండవచ్చు’ అని కూడా ఉందట. అవి మా ఆయన పాలపళ్ళ గుర్తులు.

ఈలోగా మోనికాకి ఆకలి ముదిరింది. కారియర్ మూతతో పోశాను, ఉమ్మేసింది. టీ గ్లాసుతో పోశాను, ఉమ్మేసింది. లింబాద్రి అన్న తన నీళ్ళసీసా మూత కడిగి తెచ్చాడు. పెదాలు బిగించింది. మూడున్నరకి ఏడుపు సన్నబడిపోయింది. ఏడ్చే పిల్లకంటే ఏడుపు ఆపేసే పిల్లని చూస్తే నాకెక్కువ భయం.

“ఒక్కసారి ఇవ్వమనండి. ఇక్కడే, మీ అందరి ముందే పట్టి మళ్ళీ ఇచ్చేస్తాను.”

“నా చేతిల లేదు భాభీ.” లియాఖత్ గారు రూళ్ళ పుస్తకం తెరిచి చూపించారు. “నంబర్ పడ్డ సామాన్‌కి మూడే రస్తాలు. అమ్ముడు. ఎగుమతి. అరువు. నాలుగోది మాఫీ, లేనే లేదు.”

ఎగుమతి అంటే శనివారం విమానం. అమ్మాలంటే షేకు గారు సంతకం పెట్టాలి, తనది కాని గిన్నెకి ఆయనెందుకు పెడతారు? ఇక నాకు పెద్ద తెలివి అక్కర్లేదు. మా వీధిలో నాకు తెలిసిన చట్టం అదొక్కటే.

“అయితే అరువివ్వండి,” అన్నాను.

లియాఖత్ గారు పేజీలు తిప్పారు. మళ్ళీ తిప్పారు. “వల్లా, ఎక్కడ సుతా వద్దని రాసి లేదు.”

అరువు తీసుకునే సంస్థ పేరు: మోనికా. సంతకం రాదు కాబట్టి సిరా పూసి బొటనవేలి ముద్ర వేయించారు. సిరా కూడా నాకేసింది, జావకి మాత్రం నోరు తెరవలేదు. ఆ తర్వాత వస్తువును ఉంచే స్థలం తనిఖీ చేయాలన్నారు. అంతా పికప్ ఎక్కి మా ఇంటికొచ్చారు. ఒక గది, ఒక వంటిల్లు, కారే ఏసీ, దాని కింద బకెట్.

“గాలిలో తేమ?” అని అడిగారు లియాఖత్ గారు.

“బకెట్ సగం,” అన్నారు మా ఆయన.

“మంటలు ఆర్పే సాధనం?”

“నీళ్ళ బిందె.”

“కాపలా?”

పక్కింటి మాబున్నీసా గారు అప్పటికే తలుపు సందులోంచి, “ఎవరమ్మా వాళ్ళు? షూలు విప్పకుండా వచ్చేశారేం?” అని గట్టిగా అడిగారు. కాపలా అన్నచోట ‘ఇరవై నాలుగు గంటలు’ అని రాసుకున్నారు.

ఆఖరికి అనుమతి వచ్చింది. షరతులు రెండు. వస్తువును తొడుగులు వేసుకున్న కంపెనీ మనిషి మాత్రమే ముట్టుకోవాలి, సొంతదారుననే మా ఆయన పనికిరారు. సాయంత్రం అయ్యేసరికి వస్తువు గోడౌన్‌లో భద్రపరిచే గదికి చేరాలి.

లింబాద్రి అన్న మా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జావలో థర్మామీటర్ ముంచి చూశాడు. నేను పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాను. తెల్ల తొడుగుల చెయ్యి పిచ్చుక ముక్కును పెదాలకి ఆనించగానే మోనికా నోరు తెరిచింది. ఒక గుక్క. రెండో గుక్క. నాకు ఊపిరి వచ్చింది.

“నా బిడ్డ శోభకు సుత గిట్లనే పోసేది కావచ్చు మా గంగామణి,” అన్నాడు లింబాద్రి అన్న, గిన్నెలోకే చూస్తూ. “నేను దుబాయ్ పోయిన్నని చెప్పుకుంటరు ఊర్లె. నేనొచ్చినంకనే పుట్టింది చెల్లె. ఇంకా నేను సూడలే.”

శనివారం నలభై రెండు వస్తువులూ ఎగిరిపోయాయి. అరువులో ఉన్న వస్తువు ఎగరకూడదట, అందుకని మాది ఆగింది. దాన్ని వదిలి వెళ్ళడానికి ఆవిడకి రూలు లేదు, అందుకని దొరసాని ఆగింది. మూడు వారాల తర్వాత తివాచీలు వెళ్ళే విమానంలో గిన్నెను తీసుకెళ్తానంది. అంటే నా పిల్లకి మూడు వారాల తిండి. నేను క్యాలెండర్‌లో రోజులు కొట్టేయడం మొదలుపెట్టాను.

లింబాద్రి అన్న రోజుకి మూడుసార్లు పోసేవాడు. టైము చూసి ‘తాగింది’ అని రిజిస్టర్‌లో రాసేవాడు. సాయంత్రం గిన్నె తీసుకెళ్ళేవాడు. మొదటి రోజే ఆయన్ని గుమ్మంలో ఆపాను.

“అన్నా, గిన్నె ఇలా తే. ఖాళీగా పంపిస్తామా?”

“అరువు గిన్నెనాయె. గది నిజమే,” అన్నాడు, నా చేతికివ్వకుండా తనే పట్టుకుని.

అందులో ఒక చెంచాడు పంచదార పోశాను. ఎవరి గిన్నె తెచ్చుకున్నా తిరిగి ఇచ్చేటప్పుడు ఉత్తిగా ఇవ్వకూడదు, అది షేకు గారిదైనా, చివరికి మనదైనా. అన్న కూడా పారబోయలేదు. పారబోస్తే పిల్లకి మంచిది కాదని ఆయన భయం.

పొద్దున దొరసాని చూస్తే వస్తువు లోపల తెల్లటి పలుకులు! అది పంచదార అని మా ఆయన చెప్పారు, చెల్లలేదు. నాలుక మీద వేసుకుని చూడమన్నారు, నాలుక రూళ్ళ పుస్తకంలో లేదు. ఆవిడ ఆ పలుకుల్ని చిమటాతో ఏరి, కాగితం పొట్లంలో కట్టి, నలభైమూడు బై ఒకటి అని రాసి, లాబొరేటరీకి పంపాలని భద్రపరిచే గదిలో అరమీద పెట్టింది. మర్నాడు నలభైమూడు బై రెండు. నేను మానలేదు. ఆవిడా మానలేదు.

“మానెయ్యవే, నా ఉద్యోగం పోయేలా ఉంది,” అన్నారు మా ఆయన.

“ఖాళీ గిన్నె పంపి, పిల్లకేదైనా అయితే మీరు చూస్తారా?”

తెల్లారి పంచదార డబ్బా ఆయనే నింపి తెచ్చారు.

పదిహేడో రోజు. ఇంకో నాలుగు రోజుల్లో విమానం. కిటికీ దగ్గర నిలబడి, బకెట్ మగ్గు మొదలుకొని చర్చిలో దివ్యభోజనపు గిన్నెదాకా మోనికా దేనితో తాగుతుందా అని ఆలోచిస్తున్నాను. పట్టపగలే పికప్ వచ్చి ఆగింది. వేళ కాని వేళ.

లింబాద్రి అన్న నవ్వు ఆపుకోలేక మెట్లమీదే కూలబడ్డాడు.

“చీమలు చెల్లె! పదహారు పొట్లాలకు పదహారు వరసలు! సీదా పోయి తివాచీల్ల సొచ్చినయ్. గా మేడమ్ కుర్చీ ఎక్కి నిలబడి మొత్తుకున్నది.”

పురుగు పట్టిన వస్తువు గంటలోపు గోడౌన్ దాటాలని ఆ పుస్తకంలోనే వేరే పేజీ ఉందట. దానికి సంతకం లేదు, ఫ్యాక్స్ లేదు, నంబరు దానంతట అదే పోతుంది. లియాఖత్ గారు గేట్‌పాస్ పట్టుకుని పరిగెత్తుకొస్తే దొరసాని “యల్లా! యల్లా!” అని గిన్నెను బయటికి తోసేసిందట. ఈ పదిహేడు రోజుల్లో ఆవిడ నేర్చుకున్న అరబ్బీ అదొక్కటే, ‘పదండి’ అని. కాగితం లేకుండా ఒక వస్తువు గేటు దాటడం చూసి లియాఖత్ గారు కుర్చీలో కూర్చుండిపోయి, మంచినీళ్ళు అడిగారట.

లింబాద్రి అన్న గిన్నె నా చేతికిచ్చాడు. వట్టి చేతులతో. అందులో ఏదో తెల్లగా మడిచి కుక్కి ఉంది.

“ఇదేంటన్నా?”

“ఖాళీ గిన్నె ఎట్ల తెస్త చెల్లె? దారిల ఏం దొరకలే. చేతులవి ఇప్పి పెట్టిన.”

ఆ తొడుగులు తీసి పక్కన పెట్టి గిన్నె కడిగాను. జావ పోశాను. మోనికాని ఒళ్ళో వేసుకుని, పదిహేడు రోజుల తర్వాత నా చేత్తో పిచ్చుక ముక్కు దాని పెదాలకి ఆనించాను.

నోరు బిగించింది.

నా చెయ్యి చూసింది. మళ్ళీ చూసింది. మొహం పక్కకి తిప్పేసుకుంది. జావ దాని మెడమీదికి కారింది. లింబాద్రి అన్న పక్కనున్న తొడుగులు తీసి నాకు అందించాడు. నాకవి రెండింతలు పెద్దవి. వేళ్ళ చివర్లు వేలాడుతున్నాయి.

మోనికా వాటిని చూసి, నోరు తెరిచింది.

లింబాద్రి అన్న అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నాడు. రిజిస్టర్ లేదు. జేబులోంచి పొట్లం కాగితం ముక్క ఒకటి తీసి, నలభైమూడు బై పదహారు అన్నది కొట్టేసి, దాని కింద రాశాడు: తాగింది.