బయటికెళ్తే అత్త

"ఇంట్లో ఉంటే?"

"నాన్న."

"బయటికెళ్తే?"

"అత్త!"

చిట్టి చేతిలో బిస్కెట్టు ముక్క పెట్టాను. మూడో ఏడు నిండని పిల్ల. బిస్కెట్టు ఇస్తే ఏదైనా నేర్చుకుంటుంది. మా ఆయన అద్దం ముందు నిలబడి మెడ దగ్గర లేసు సర్దుకుంటూ మమ్మల్ని చూసి నవ్వబోయి ఆపుకున్నారు. పెదాలకి రంగేసుకున్నాక నవ్వితే పళ్ళకంటుకుంటుందని చెప్పింది నేనే.

ఆయన వేసుకున్న గౌను నేను కుట్టిందే. ముదురు నీలం, పిక్కల దాకా ఉంటుంది. షాపులో టైర్లెత్తీ ఎత్తీ ఆయన భుజాలు గుమ్మం పట్టనట్టు తయారయ్యాయి. భుజం కుట్టు కాస్త లోపలికి జరిపితే వెడల్పు తగ్గినట్టు కనిపిస్తుంది. గొంతు మీద ఎముక కనపడకుండా మెడకి లేసు పెట్టాను. చేతులే ఎటూ లొంగలేదు. సబ్బుపొడిలో పంచదార కలిపి ఎంత తోమినా గోళ్ళ అంచున టైరు నలుపు పోలేదు. అందుకని గోళ్ళకి మెరూన్ రంగు వేశాం. నేను ఎనిమిదో తరగతితో చదువాపేశాను గానీ కత్తెర పట్టుకుంటే ఎవరికీ తీసిపోను. ఇంట్లోనే మిషను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ బట్టలు వదులు చేస్తాను, బిగించి ఇస్తాను.

ఈ సంగతి ఆయన పెళ్ళికి ముందే చెప్పారు. "నేను మగాణ్ణే, అందులో అనుమానం లేదు. కానీ ఆ బట్టల్లో ఉంటే నాకు ఊపిరి తేలిగ్గా ఆడుతుంది. నీకు వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పెయ్" అన్నారు. సిగరెట్టు లాంటిదేలే, పెళ్ళయ్యాక మానేస్తారనుకున్నాను. మానలేదు. గడియ పెట్టుకుని, కర్టెను లాగి, ఆదివారం మధ్యాహ్నాలు అలా కూర్చునేవారు. నేను మిషను తొక్కుతుంటే పక్కన బొత్తాలు కుట్టేవారు. అలవాటైపోయింది నాకు. గది నాలుగ్గోడల మధ్య నాకే బాధా లేదు.

కానీ మొన్నామధ్య, "ఈ గది నాకు సరిపోవట్లేదే" అన్నారు.

పార్కు పక్కన ఒక కాఫీ షాపు ఉందట. ఆదివారాలు ఆయన లాంటివాళ్ళు కొందరు అక్కడ కలుస్తారట. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన పరిచయమై రమ్మన్నారట. ఎవరికీ దాక్కోకుండా పట్టపగలు కూర్చుని కాఫీ తాగుతారట.

టైర్ల షాపులో తెలిస్తే ఆయన్ని బతకనిస్తారా? కింద ఇంటావిడకి తెలిస్తే గది ఖాళీ చేయమంటుంది. పిల్లని ఏ బడిలో వేసినా ఆ మాట దాని వెనకే వస్తుంది. ఇవన్నీ చెప్పాను. ఆయన వాదించలేదు. "సరేలే" అని గౌను మడతపెట్టి బీరువాలో పెట్టేశారు. ఆ తర్వాత మాటా పలుకూ తగ్గిపోయాయి. అన్నం ముందు కూర్చుని కంచంలో వేళ్ళు ఆడిస్తూ ఉండేవారు. చివరికి నేనే, "నేనూ పిల్లా కూడా వస్తాం. చంకలో పిల్లున్న దాని పక్కన నడిచేవాళ్ళని ఎవరూ పట్టి చూడరు" అన్నాను.

అలా చిట్టి మాకు అడ్డుతెర అయింది. మమ్మల్ని పట్టించగలిగేది కూడా అదే. అందుకే ఆ పాఠం. ఇంట్లో నాన్న, బయటికెళ్తే అత్త.

ఆ మొదటి ఆదివారం బస్సులో నేను పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన తలకి స్కార్ఫు కట్టుకుని కిటికీ వైపు తిరిగారు. ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి, "మీ ఆడపడుచా అమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపే చిట్టి, "అత్త!" అంది గట్టిగా.

"అబ్బో, మేనత్త పోలికేనే నీది!" అని ఆవిడ బుగ్గ గిల్లింది. ఆయన భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయి చూస్తే, నవ్వు ఆపుకుంటున్నారు.

కాఫీ షాపు బయట చెట్ల కింద బల్లలు, పక్కనే పిల్లల జారుడుబల్ల. డ్రాయింగు మాస్టారు బూడిదరంగు స్కర్టులో, ఒళ్ళో హ్యాండుబ్యాగుతో, స్టాఫు రూములో హెడ్మిస్ట్రెస్ లాగా కూర్చున్నారు. మా ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈ గౌను ఎవరు కుట్టారు? భుజాలు ఎక్కడ దాచారు?" అన్నారు.

"మా ఆవిడండీ."

"అయితే మీ ఆవిణ్ణి మాకూ కాస్త అప్పివ్వవయ్యా. మా దర్జీ నన్ను చూసి సోఫాకి గుడ్డ కోసినట్టు కోస్తాడు!"

అందరూ నవ్వారు. మా ఆయన పళ్ళకి రంగంటినా లెక్కచేయకుండా నవ్వారు. ఆ నవ్వు నేను మా పెళ్ళిచూపుల్లో చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. గట్టెక్కేశాం అనుకున్నాను.

ఆ వారంలోనే ఆయన భోజనం డబ్బా ఇంట్లో మర్చిపోయారు. చిట్టిని తీసుకుని టైర్ల షాపుకి వెళ్ళాను. గాలి కొట్టే మిషను రొద, రబ్బరు కమురు వాసన. ఆయన ఒక కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నారు, బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ బూట్లు గుర్తుపట్టి చిట్టి నా చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది.

"అత్తా!"

ఆ క్షణంలోనే గాలి మిషను ఆగింది.

"అత్తా! అత్తా, అన్నం తెచ్చాం!"

పిల్ల తప్పేం లేదు. బయటికెళ్తే అత్త అని నేనే కదా నూరిపోశాను. ఏ బట్టల్లో అన్న సంగతి దానికి చెప్పలేదు. ఇది బయట. ఆయన బయట ఉన్నారు. అంతే దాని లెక్క.

షాపులో జాకీ అని ఒకడున్నాడు. అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఎవరి సంసారమైనా పైకెత్తి కింద ఏముందో వంగి చూస్తాడని ఆ పేరు పెట్టారు. వాడు చేతిలో రెంచి పక్కన పెట్టాడు.

"ఏరా, నీ కూతురు నిన్నేమంటోందిరా?"

కారు కింద నుంచి ఆయన మొహం బయటికొచ్చింది. నల్లటి మరకల కింద పాలిపోయి ఉంది.

"వాళ్ళ మేనత్త వచ్చి వెళ్ళింది లెండి" అన్నాను. "అప్పట్నుంచి కనపడినవాళ్ళనల్లా అత్తే అంటోంది."

"అలాగా! ఏదమ్మా చిట్టీ, మరి నన్నేమంటావ్?"

చిట్టి వాణ్ణి నిదానంగా చూసి, "జాకీ అంకుల్" అంది.

షాపంతా ఘొల్లుమంది. "అత్తా, ఆ స్పానర్ ఇటు అందించు!" అని అవతల నుంచి ఎవడో అరిచాడు. ఓనరు కూడా నవ్వాడు. జాకీ ఒక్కడే నవ్వలేదు. మా ఆయన డబ్బా అందుకుంటుంటే ఆ గోళ్ళ వంకే చూస్తున్నాడు. రంగు తుడిచేశాం గానీ, మూలల్లో ఎక్కడైనా మిగిలిందేమో నాకు తెలీదు. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"నీకు చెల్లెలుందని ఎప్పుడూ చెప్పలేదేరా?" అన్నాడు జాకీ.

ఇంటికి రాగానే చిట్టిని కూర్చోబెట్టాను. "బయట కూడా నాన్నే! తెలిసిందా?"

"మరి అత్త?"

"గౌనేసుకుంటే అత్త."

"ఇంట్లో గౌనేసుకుంటే?"

"అప్పుడు... నాన్న. కాదు, అప్పుడూ అత్తే అను. అలవాటుంటుంది."

"మరి లుంగీ?"

"ఒక్కటిచ్చానంటే!" అని చెయ్యెత్తాను. కొట్టలేదు. అది బిస్కెట్టు అడగలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది.

అప్పట్నుంచి అది ఆయన్ని ఏమనీ పిలవడం మానేసింది. నేను ముందు గమనించలేదు. ఏదన్నా కావాలంటే వచ్చి ఆయన మోకాలు తట్టేది. ఆయన చూసేదాకా అలాగే నిలబడేది. దూరంగా ఉంటే "ఊఁ, ఊఁ" అనేది, మాటలు రాని పిల్లలాగా. ఒక సాయంత్రం ఆయన కావాలనే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పిల్ల తట్టింది. లాగింది. చివరికి పేపరు కింద దూరి ఆయన మొహంలో మొహం పెట్టింది గానీ, పిలవలేదు.

"నా కూతురు నన్ను పిలవట్లేదే" అన్నారు. మెల్లిగానే అన్నారు.

"నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. ఈ ఆదివారం మాత్రం వెళ్ళొద్దు. జాకీ ఎక్కడ కాపు కాస్తున్నాడో ఏమో."

"వెళ్దాం. కానీ పిల్లకి ఏమీ నేర్పకు. దాని నోటికేం వస్తే అదే అంటుంది."

"గౌనులో ఉన్న మిమ్మల్ని పట్టుకుని నలుగుర్లో నాన్నా అంటే?"

"పలుకుతాను."

"అందరూ వింటే?"

"వింటారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకేం! ఎవడన్నా ఏదన్నా అంటే పోయి కారు కింద దూరతారు. నేనెక్కడ దూరను? కింద ఇంటావిడకి ఏం చెప్పను? బడిలో ఏం చెప్పను?"

ఆయన లేచి బీరువాలోంచి గౌను తీశారు. కోపంగా కాదు. తెచ్చి నా మిషను మీద, కత్తెర పక్కన పెట్టారు.

"నీకంత భయమైతే నీ చేత్తోనే కోసెయ్. కుషన్లు కుట్టుకో. నేనేమీ అనను. కానీ పిల్ల నోరు కట్టేసి నేను షికారుకి పోలేను."

ఆ గౌను మిషను మీద అలాగే ఉంది. వేరేవాళ్ళ బట్టలు కుట్టేటప్పుడు పక్కకి జరుపుతూ, మళ్ళీ అక్కడే పెడుతూ వచ్చాను. ఒకసారి కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా. చంక దగ్గర కుట్టు పిగిలినట్టుంది. దారం పోగులు కత్తిరించి, రెండు వరసలు కుట్టు వేశాను. ఆదివారం పొద్దున దాన్ని ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించాను.

కాఫీ షాపులో మేం కూర్చుని ఎంతో సేపు కాలేదు. చిట్టి జారుడుబల్ల దగ్గరికి పోయింది. డ్రాయింగు మాస్టారు హైహీల్సు మీద ఏదో జోకు చెబుతున్నారు. మాస్టారి తల పైనుంచి గేటు వైపు చూశాను. జాకీ. పక్కన వాడి పెళ్ళాం.

మా ఆయన వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నారు. నేను లేచి ఎదురెళ్ళాను, బల్ల దాకా రానివ్వకూడదని.

"ఏమ్మా, నువ్విక్కడ!" అన్నాడు జాకీ. "మావాడేడీ?"

"పనుందన్నారు."

వాడి కళ్ళు నన్ను దాటి బల్ల మీదికి వెళ్ళాయి. నీలం గౌను. స్కార్ఫు. కప్పు పట్టుకున్న చెయ్యి. "ఆవిడేనా మీ ఆడపడుచు? అబ్బ, అన్నాచెల్లెళ్ళు అచ్చం ఒక్క టైరు గుర్తులే! పిలువు, ఓసారి పలకరిద్దాం."

మా ఆయన వీపు బిగుసుకుపోయింది. వింటున్నారు. అవునండీ అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివర్న ఉంది.

అప్పుడే చిట్టి వంక చూశాను. జారుడుబల్ల పైకెక్కేసింది గానీ, పై నుంచి చూసేసరికి భయమేసినట్టుంది. వెనక పిల్లలు తోస్తున్నారు. కడ్డీని రెండు చేతులా కరుచుకుంది. కింది పెదవి వణుకుతోంది. వాళ్ళ నాన్నని చూసింది. పిలవడానికి నోరు తెరిచింది. గౌను వంక చూసింది. నోరు మూసింది. అప్పుడు నా వంక తిరిగింది. ఏమనాలమ్మా అన్నట్టు, తప్పంటే కొడతావేమో అన్నట్టు.

నా బిడ్డ పడిపోయేలా ఉండి కూడా పిలవడానికి నా సెలవు కోసం చూస్తోంది.

"నాన్నని పిలువు!" అన్నాను. సరిగా బయటికి రాలేదు. ఈసారి అరిచాను. "నాన్నని పిలువమ్మా చిట్టీ! నాన్న ఇక్కడే ఉన్నారుగా, పిలువు!"

బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి.

"నాన్నా!" అని గొంతు చించుకుని అరిచింది నా కూతురు. "నాన్నా! నాన్నా! పడిపోతున్నా!"

ఆయన లేవడం, చెప్పులు విదిలించేయడం ఒక్కసారే జరిగాయి. గౌను గుప్పిట్లో ఎత్తిపట్టుకుని, ఉత్త కాళ్ళతో పరుగెత్తారు. "వచ్చేశా తల్లీ! కడ్డీ వదలకు!" అచ్చం షాపులో అరిచే గొంతే. స్కార్ఫు దారిలో ఎక్కడో పడిపోయింది. మెట్లెక్కి పిల్లని చంకలోకి లాక్కున్నారు. అది ఆయన మెడ కరుచుకుని, మూతికి మూతి రాసి, పెదాల రంగంతా ఇద్దరి బుగ్గలకీ పులిమేసింది.

నేను జాకీ వంక చూడకుండా ఉండలేకపోయాను. వాడు ఎప్పుడూ అవతలి వాళ్ళ గుట్టు బయటపడగానే వెంటనే ఏదో ఒకటి అంటాడు. ఇప్పుడు నోరు తెరుచుకునే ఉంది గానీ మాట రావట్లేదు. వాడి పెళ్ళాం వాడి మోచెయ్యి పట్టుకుని లాగుతోంది.

ఆయన పిల్లనెత్తుకుని నేరుగా మా దగ్గరికే వచ్చారు. చుట్టూ తిరిగి పోవచ్చు. పోలేదు. జాకీ ఎదురుగా నిలబడ్డారు. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రేపు షాపుకొస్తావా?" అన్నాడు జాకీ.

"వస్తా."

"సరే" అన్నాడు వాడు. కాఫీ తాగకుండానే పెళ్ళాన్ని తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆ సరే అన్న మాట ఎలాంటిదో నాకు అంతుపట్టలేదు. రేపు ఓనరుకి చెబుతాడో, అందరి ముందూ నవ్వుతాడో, నోరు మూసుకుని రెంచి అందిస్తాడో. డ్రాయింగు మాస్టారు స్కార్ఫు ఏరి, దుమ్ము దులిపి, నా చేతిలో పెట్టారు. ఆ చేతులు కాసేపు అలాగే పట్టుకున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆయన స్కార్ఫు కట్టుకోలేదు. చిట్టి ఆయన ఒళ్ళో కూర్చుంది. ఇన్నాళ్ళదీ ఒకేసారి తీర్చుకుంటున్నట్టు ఊరికే పిలవడం మొదలుపెట్టింది.

"నాన్నా."

"ఊఁ."

"నాన్నా, అదిగో బస్సు."

"చూశాను తల్లీ."

"నాన్నా."

"ఊఁ, చెప్పు."

పిలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు తల తిప్పేవారు. కండక్టరు రెండోసారి మా సీటు దగ్గర ఆగాడు. ముందు కూర్చున్నామె పిల్లని చూసి, గౌను చూసి, మళ్ళీ పిల్లని చూసి, నా వైపు వంగింది.

"ఏమ్మా, పాప ఎవర్ని పిలుస్తోంది?"

బ్యాగు గట్టిగా పట్టుకున్నాను.

"వాళ్ళ నాన్ననండీ" అన్నాను.