టిక్కుమని ఆగిన పెట్టె

నేను ఒక పవర్ సప్లయి పెట్టెను. కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు నన్ను ఎస్ఎంపీఎస్ అంటారు. గోడలోంచి వచ్చే కరెంటును నేరుగా మింగితే కంప్యూటరు మాడిపోతుంది. నేను దాన్ని తగ్గించి, ఎవరికి ఎంత కావాలో అంతే పంచుతాను. ఎక్కడైనా తేడా కనిపిస్తే పంచడం మానేస్తాను. మానెయ్యడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని మనుషులకు ఒక పట్టాన తట్టదు.

నన్ను పొడుగాటి బల్ల మీద చేశారు. ఒకమ్మాయి రాగితీగ చుట్టింది, ఇంకొకామె అతుకులు పెట్టింది, ఒకాయన మూత బిగించి, గంటల తరబడి వేడెక్కించి చూసి, బాగానే ఉందని చీటీ అంటించాడు. అక్కణ్ణుంచి తెనాలిలో ఒక ఫొటో స్టూడియోకి చేరాను. పెళ్ళికూతుళ్ళ మొహాలు తెల్లబరచడానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కొన్నేళ్ళకు స్టూడియో మూసేస్తూ, యజమాని నన్ను సువార్త చేతిలో పెట్టాడు. ఆయన తీసిన పెళ్ళి వీడియోలకు పాటలు కలిపిపెట్టింది ఆవిడే.

సువార్తకు ముప్పై దాటాయి. పసితనంలోనే చూపు పోయింది. కళ్ళులేని పిల్లల కోసం ఎవరెవరో చదివి పంపిన పాఠాల రికార్డుల్లోంచి దగ్గులూ తడబాట్లూ తీసేసి శుభ్రం చెయ్యడం ఆవిడ పని. తెర మీద ఏముందో కంప్యూటరు చదివి చెబుతుంటే, విని చేసుకుంటుంది. అమ్మ పోయాక మేడ మీద పోర్షన్‌లో ఒక్కతే ఉంటోంది.

పాత కంప్యూటరు మరీ నత్తనడక నడుస్తుంటే, ఒక్కొక్క భాగమే తెప్పించి కొత్తది తనే కూర్చుకోవాలనుకుంది. అన్న దేవసహాయం రేపల్లెలో హైస్కూలు డ్రిల్లు మాస్టారు. చెల్లెలు తన ఇంటికి వచ్చేస్తే బాగుండునని అమ్మ పోయిన నాటి నుంచీ అడుగుతున్నాడు. మంచివాడు. ఆ మంచితనానికి ఎదురు చెప్పడమే ఆవిడకు కష్టంగా ఉండేది.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, "నేనూ ఓ చెయ్యి వేస్తాలే" అని కూర్చున్నాడు. ఆవిడ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి, మదర్‌బోర్డును నిలబెట్టే ఇత్తడి కాళ్ళన్నీ కంప్యూటరు ఇనప కేబినెట్లో బిగించేశాడు. తర్వాత బోర్డునూ నన్నూ వైర్లనూ ఒక్కొక్కటిగా ఆవిడే తడుముకుంటూ అమర్చింది. నా వైర్లు ఎక్కడివక్కడ సరిగ్గా కూర్చున్నాయి. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ పట్టుకోలేదు.

ఆవిడ బటన్ నొక్కింది. ఇద్దామని ఒక్క అడుగు వేశాను. బోర్డు అడుగున ఎక్కడో కరెంటు పక్కదారి పట్టి పోతోంది. టిక్కుమని ఆగిపోయాను. మళ్ళీ నొక్కింది. మళ్ళీ టిక్కుమన్నాను.

దేవసహాయం తనకు తెలిసిన కంప్యూటరు షాపతనికి ఫోన్ చేశాడు. "ఎస్ఎంపీఎస్ పోయుంటుంది సార్. పాత సామాను కదా" అన్నాడతను, నన్ను చూడకుండానే.

దేవసహాయం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పోనీలే అమ్మా. రెడీమేడుది కొనుక్కుందాం. మా ఇంట్లోనే పెట్టుకుందువుగాని. మీ వదిన నీకోసమని ముందుగది ఖాళీ చేయించింది."

"నేనొస్తానని చెప్పావా వదినకి?"

"చెప్పలేదు. ఎన్నాళ్ళని ఒక్కదానివే ఉంటావు? ఇవాళంటే నేనున్నాను. రేపు ఇట్లాంటిదేదన్నా వస్తే ఎవరున్నారు?"

సువార్త కిందకు వంగి నా పక్కన చెవి ఆనించి, "ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టి, ఒక్కసారి బటన్ నొక్కన్నయ్యా" అంది.

టిక్.

"పోలేదు ఇది" అంది. "పోయినదానికి చప్పుడెందుకు? లేవబోయి ఆగిపోతోంది. దేన్నో చూసి ఆగుతోంది."

ఇన్నేళ్ళ జీవితంలో నా మాట అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆవిడ.

నా వైర్లన్నీ విడదీసింది. బోర్డులో గుచ్చే పెద్ద ప్లగ్గు చేతిలోకి తీసుకుని, కొక్కెం ఉన్న వరసలో వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగి, కాగితాల క్లిప్పు సాగదీసి దాని ఒక కొస అక్కడా, రెండో కొస పక్క కన్నంలోనూ దూర్చింది. ఆ రెండూ కలిస్తే బోర్డు లేకుండానే నేను లేవాలి. దేవసహాయం లేచి నిలబడ్డాడు.

"షాకు కొడుతుందేమో అమ్మా."

"ఈ రెండింట్లో కొట్టేంత కరెంటుండదు. స్విచ్చి వెయ్యి."

వేశాడు. నా ఫ్యాను రయ్యిమని తిరిగింది. ఆ గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని సువార్త చాలాసేపు అలాగే కూర్చుంది.

ఇక పని తేలికైపోయింది. బోర్డును కేబినెట్లోంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచి, నన్ను తగిలించి, బటన్ తీగ తగిలే రెండు ముళ్ళకూ అదే క్లిప్పు తాకించింది. బోర్డు లేచింది. బాగానే ఉన్నానని కీచుమని ఒక కూత కూసింది. బయట బతికిన బోర్డు లోపల ఎందుకు లేవలేదు? ఆవిడ ఒక చేత్తో బోర్డు కన్నాలు తడుముతూ, రెండో చేత్తో కేబినెట్లో ఇత్తడి కాళ్ళు తడుముతూ పోయింది. ఒకచోట రెండు చేతులూ ఆగాయి. కింద కాలుంది. పైన దానికి కన్నం లేదు. కన్నం లేనిచోట ఆ ఇత్తడి కాలు బోర్డు వీపుకు తగిలి, నేనిచ్చిన కరెంటునంతా ఇనుములోకి లాగేస్తోంది.

ఆవిడ దాన్ని వేళ్ళతోనే విప్పి అన్న అరచేతిలో పెట్టింది.

"ఇదొకటి ఎక్కువైందన్నయ్యా."

దేవసహాయం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఖాళీ ఎందుకని బిగించాను. గట్టిగా ఉంటుందని."

"నాకు తెలుసులే."

ఆయన మొహం చాలాసేపు ఎర్రగానే ఉంది.

మళ్ళీ అంతా బిగించి బటన్ నొక్కితే ఈసారి ఎక్కడా ఆగలేదు నేను. ఎవరి వాటా వాళ్ళకు పంచుకుంటూ పోయాను. కంప్యూటరుకు ఇంకా మాటలు రావు కాబట్టి, "తెర మీద ఏముందో చదివి చెప్పు. ఏం నొక్కాలో నేను చెబుతా" అంది సువార్త. దేవసహాయం కళ్ళజోడు పెట్టుకుని, బడిలో హాజరు పిలిచినట్టు, అక్షరం పోకుండా చదివాడు. ఆవిడ నొక్కమన్నది నొక్కాడు. వద్దన్నది ముట్టుకోలేదు. మధ్యలో లేచి చల్లారిన అన్నం, గోంగూర పచ్చడి తెచ్చుకుని తిన్నారు. చివరికి స్పీకర్లోంచి గొంతు పలికింది. సువార్త కుర్చీ ముందుకు లాక్కుంది. ఇక తెర చదవనక్కర్లేదని అర్థమై దేవసహాయం కళ్ళజోడు తీసేశాడు.

వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి అడిగాడు. "మీ వదినకేం చెప్పమంటావు?"

"ముందుగదిలో పిల్లల్ని చదువుకోమను. క్రిస్మస్‌కి వచ్చి నాలుగు రోజులుంటానని చెప్పు. నీకు కుదిరినప్పుడల్లా రా అన్నయ్యా. తెర చదవాల్సిన పనులు నాకు బోలెడుంటాయి."

"వస్తాలే" అన్నాడు. పొద్దు వాలుతోందని అలవాటుకొద్దీ లైటు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ఒక్క క్షణం ఆలోచించి, వెయ్యకుండానే చెయ్యి తీసేసుకుని మెట్లు దిగాడు.

నాకూ ఎప్పుడో పాతసామాను కొట్టు తప్పదు. అక్కడ నన్ను ఇనుము కింద తూచినా ఏమీ అనుకోను. ఆ సాయంత్రం గదిలో చీకటి పడింది. సువార్త హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎవరో పంతులమ్మ చదివిన మూడో తరగతి పాఠంలోంచి ఒక దగ్గు కోసేసింది. నేను కరెంటు అందిస్తూ ఉన్నాను.