ఎలుగుని ఏమని పిలవాలి

ఎలుగుబంటి గేటు దగ్గర ఎలుగుబంటి అనకూడదు. అది అక్కడి కట్టుబాటు. పెట్టింది తాళాలత్త మొగుడు, అప్పట్లో ఆ గేటు తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఆయన పోయి పదకొండేళ్ళయినా ఆ జంతువుల తోటలో ఊడ్చేవాళ్ళ దగ్గర్నించి టికెట్లు చింపేవాళ్ళ దాకా ఒక్కళ్ళూ దాన్ని మీరలేదు.

ఎందుకంటే ఆ జంతువు చెవి అలాంటిది మరి. తన పేరు వినబడితే చాలు, తిండొచ్చిందనుకునేది. వచ్చి ఇనప తలుపుని నెత్తితో బాదేది. అందుకని ఆయన "పెద్దాయన" అనమన్నాడు అందర్నీ. నాలుగు నెలలు బాగానే జరిగింది. తర్వాత పెద్దాయన అన్నా బాదడం మొదలెట్టింది. సరే, "బొచ్చుమామ" అన్నారు. అదీ పట్టేసింది. పట్టేసిన పేరుని ఏం చేసేవాళ్ళంటే, తిండి చూపించకుండా పొద్దస్తమానం ఊరికే పలికేవాళ్ళు. కొన్నాళ్ళు బాదుకుని బాదుకుని, ఇక ఆ పేరుకి తల కూడా తిప్పేది కాదు. అక్కడితో ఆ పేరు చచ్చినట్టు లెక్క. అలా పద్నాలుగు పేర్లు చంపారు. ఆఖరికి విసుగెత్తి పేరే మానేశారు. దాని మాట చెప్పాల్సొస్తే గడ్డం అటు ఎత్తి చూపించుకునేవాళ్ళు.

ఆయన పోయాక తాళాలు పెళ్ళానికిచ్చారు. తంటా అక్కడ బయటపడింది. ఆయన చెల్లెలు ఆ తోటలోనే బోర్డులు రాసేది, చదువుకున్న మనిషి. "మా అన్న తాళాలు మా అన్న రక్తానికి రావాలి గానీ, నడిమధ్యన వచ్చినదానికా?" అంది. అంతే, ఆవేళ రాజుకున్న మంట మళ్ళీ ఆరలేదు. రోజూ ఏడున్నరకి తాళాలత్త తిండి బకెట్టు పట్టుకుని గేటు దగ్గరకొచ్చేది. బోర్డు తుడిచే వంకతో ఆడపడుచూ వచ్చేది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, ఈవిడ ఒకటిన్నర మొగుడు. పావుగంట కడుపారా తిట్టుకుని, బకెట్టు లోపల పెట్టి, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

మొన్నామధ్య ఆడపడుచు గేటుకి కొత్త బోర్డు తగిలించింది. తాళాలత్తకి అక్షరాలు రావు. అయినా ఊరుకోలేదు.

"ఏవిటమ్మా ఆ రాత? చీమలు పాకినట్టుంది."

"బ్రూయిన్ అని. ఇంగ్లీషులో ఈ జంతువుని కథల్లో అలా పిలుస్తారు. వాళ్ళ పక్క దేశం భాషలోంచి తెచ్చుకున్నారు. గోధుమరంగు అని అర్థం. వేలిముద్రల దానివి, నీకెందుకులే."

"మామూలుగా అనేది బేర్ కదూ? పిల్లలంటుంటే విన్నాలే."

"దానికీ గోధుమరంగోడనే అర్థంట. వెనకటికి చలిదేశాల అడవుల్లో వాళ్ళకి దాని అసలు పేరు పలకాలంటే హడలు. పలికితే వచ్చి మీద పడుతుందని. చాటుగా గోధుమరంగోడు, గోధుమరంగోడు అనీ అనీ అసలు పేరు మర్చేపోయారట. చాటు పేరే పేరయి కూర్చుంది."

"ఇందులో విడ్డూరమేముంది? పాము కరిస్తే పురుగు ముట్టిందనమూ? మీ అన్నని ముప్పయ్యేళ్ళు నేను 'ఆయన' అనే కదా అన్నాను."

"ఆ బేర్ అనే మాటకి మొయ్యడమనీ అర్థముంది గానీ, దాని పుట్టుక వేరు. చూడ్డానికి ఒకటే, చుట్టరికం మాత్రం లేదు."

"మనిద్దరిలాగా అన్నమాట."

"మర్యాద తెలీని మోటు మనిషినీ అదే మాటతో తిడతారు. కావాలంటే బోర్డు కింద నీ ఫొటో పెడతా."

"పెట్టు. నీది మాత్రం పెట్టకు, తిండి మానేస్తుంది."

అదుగో, అలా ఉండేది వాళ్ళ వరస.

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగోనాడు తెల్లారేసరికి ఆ జంతువు దొడ్డి బయటి గోడ బీటలిచ్చి లోపలికి వొంగింది. గోడ అవతల జనం తిరిగే బాట. తోట మూసేశారు. "ఈరోజు ప్రవేశం లేదు" అని రాయడానికి ఆడపడుచుని పొద్దున్నే పెద్ద గేటుకి పంపారు. తాపీవాళ్ళు తట్టలు దింపుకుని కూర్చున్నారు. జంతువు లోపలి గదిలోకొస్తే గానీ వాళ్ళు చెయ్యెయ్యరు. అదేమో ఉరుములకి బెదిరి ఆ చివర రాతి గుహలో ముడుచుకుంది.

జంతువుల డాక్టరు గొడుగు కింద నిలబడి గడియారం చూసుకున్నాడు. "పన్నెండు దాకా చూస్తానమ్మా. రాకపోతే మత్తుసూది పేల్చాల్సిందే."

"దానికి ఇరవై ఎనిమిదేళ్ళు బాబూ. గుండె మంచిది కాదని తమరే అన్నారు."

"అన్నాను. లేస్తుందని మాట ఇవ్వలేను. గోడ పడి అది బాట మీదకొస్తే తుపాకీయే. సూది నయం కదా?"

తాళాలత్త లోపలి గది గుమ్మం దగ్గర ఉడికిన గుమ్మడి ముక్కల మీద తేనె పోసి పెట్టింది. అది ముక్కు కూడా ఎత్తలేదు. పిలిచింది. "ఎలుగూ!" ఆ పేరు చచ్చి పద్దెనిమిదేళ్ళు. "పెద్దాయనా! బొచ్చుమామా!" పద్నాలుగూ వరసపెట్టి పిలిచింది. పిలుస్తుంటే ఒక్కొక్కటీ తామే చంపామని గుర్తొచ్చింది. అవసరానికి ఒక్క పేరైనా దాచుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాకపోయె. డాక్టరు బోర్డు చూసి "బ్రూయిన్! బ్రూయిన్!" అన్నాడు. అది పంజా నాక్కుంది.

పదకొండున్నరకి ఆడపడుచు వచ్చింది. చేతులకి రంగు, మోచేతికి రంగుడబ్బా, మొహాన నవ్వు. డాక్టరు పక్కన చేరి, మెత్తగా, "ఆవిడ వల్ల కాదండీ" అంది.

"నీ వల్లవుతుందేం, రంగుడబ్బా!" అని కస్సుమంది తాళాలత్త.

గుహలో తల లేచింది.

తాళాలత్త చూసింది. ఆడపడుచు మాట్లాడలేదు. గుహలో తల మళ్ళీ వాలిపోయింది.

"నోరు పడిపోయిందా?"

"నీలా నోరు పారేసుకునేదాన్ని కాదు వదినా." ఆ కాస్తకే చెవులు నిక్కాయి. మాట ఆగింది, చెవులు పడ్డాయి.

అప్పుడర్థమైంది తాళాలత్తకి. పదకొండేళ్ళుగా ఏ తిట్టు వెనక బకెట్టొస్తోందో దానికి తెలుసు. పేర్లన్నీ చంపారు గానీ ఈ పోట్లాటని చంపడం ఎవరికీ తోచలేదు. ఒక్క గొంతు చాలదు, చప్పట్లకి రెండు చేతులుండాలి. ఆడపడుచు జబ్బ పట్టి పక్కకి లాగింది.

"తిట్టవే. మన పోట్లాటకి వస్తోందది. చూడు."

ఆడపడుచు చూసింది. తెలివిగలది, ఇట్టే పట్టేసింది. జబ్బ విడిపించుకుంది.

"అయితే నేను నోరు విప్పను."

"చస్తుందే!"

"సూది వెయ్యనీ. గేటు చూసుకోలేనిదానికి తాళాలెన్నాళ్ళుంచుతారో నేనూ చూస్తా." పెదాలు బిగించి చేతులు కట్టుకుంది.

డాక్టరు పెట్టె తెరిచాడు. పన్నెండుకి పది నిమిషాలుంది.

తాళాలత్త తనకి తెలిసిన తిట్లన్నీ తిట్టింది. కుళ్ళుబోతు అంది, మంగలికత్తి నాలిక అంది, మొగుడు పారిపోయింది ఆ మొహం చూడలేకే అంది. ఆడపడుచు బండరాయిలా నిలబడింది. గుహలో తల లేచీ వాలీ, లేచీ వాలీ. ఇక మిగిలింది ఒక్కటే. ఎంత కోపమొచ్చినా పదకొండేళ్ళుగా నాలిక చివరి దాకా రానిచ్చి మింగేసిన మాట.

"మీ అన్న ఆఖరి రోజున నీకు కబురు అందలేదని నా మీద ఏడుస్తావే, నేను పంపబోయాను. పంపొద్దన్నది ఆయనే. నీ గొంతు వింటూ చావలేనన్నాడు. ప్రశాంతంగా పోనీ అన్నాడు."

రంగు చేతులు రెండూ విడిపోయాయి.

"దొంగముండా! అబద్ధాలకోరూ! మా అన్న నన్ను భుజాన మోసుకు తిరిగాడే! నువ్వు మందు పెట్టావు, నువ్వే నా నుంచి తెంపావు..."

"తెంపుకుంది నువ్వు! మంచాన పడ్డ మనిషి ముందు తాళాల సంగతెత్తింది ఎవరు?"

"నా హక్కు అడిగాను!"

"ఊపిరాడట్లేదని ఆయనంటే హక్కు అడిగావు!"

ఇద్దరి గొంతులూ వానని మించిపోయాయి. తాపీవాళ్ళు లేచి నిలబడ్డారు. గుహలోంచి అది బయటకొచ్చింది. తడుస్తూ, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ, రోజూ వచ్చినట్టే వచ్చింది. గుమ్మంలో ముందు కాళ్ళు పెట్టింది. తాళాలత్త ఒక చెయ్యి తలుపుని పైకెత్తి కట్టిన గొలుసు మీద వేసి, ఆడపడుచు కళ్ళలోకి చూస్తూ తిడుతూనే ఉంది. వెనక కాళ్ళూ లోపలికొచ్చాయి. గొలుసు వదిలింది. తలుపు దభాలున పడింది.

లోపల గుమ్మడి ముక్కలు నములుతున్న చప్పుడు. డాక్టరు సూది పెట్టెలో పెట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. తాపీవాళ్ళు తట్టలెత్తారు.

ఆడపడుచు రొప్పుతూ గోడకి ఆనుకుంది. చిన్నపిల్ల గొంతుతో, "వదినా" అంది. "దాన్ని లోపలికి రప్పించడానికే కదూ అలా అన్నావు?"

అవునంటే సరిపోయేది. తాళాలత్త గొలుసుకి తాళం వేసింది. ఒకసారి లాగి చూసుకుంది.

"సూది వెయ్యనిస్తానన్నావు" అంది. "నిజమే. ఆయనే అన్నాడు."

ఆడపడుచు గోడ నుంచి వీపు తీసింది. రంగుడబ్బా అక్కడే వదిలేసి వానలోకి వెళ్ళిపోయింది. తాళాలత్త కదల్లేదు. రేపు ఏడున్నరకి ఈ గేటు దగ్గర తను ఒక్కతే ఉంటుందని ఆవిడకి తెలుసు. ఆ నములుడు ఆగిపోయేదాకా అక్కడే నిలబడింది.