నాలుగో కార్డు

అయినా కార్డుకూ ఆయుష్షంటూ ఒకటి ఉంటుంది కదా, ఏడేళ్ళు ఆగకుండా వేడెక్కిన ముక్క, ఏదో ఒకరోజు ఆగిపోతే అందులో వింతేముంది, అని బస్సు పాకాల దాటేదాకా జయచంద్ర తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. నిజమైన మాటను ఇన్నిసార్లు చెప్పుకోవలసిన అవసరం ఉండదని అతనికి తెలుసు. తెలిసినా ఆపలేదు.

ఈ రెండు నెలల్లో తిరుపతి నుంచి చిత్తూరుకు ఇది నాలుగో ప్రయాణం. ప్రతిసారీ ఒకటే పని, ఇంట్లో ఉన్న పాత సర్వరుకు సరిపడే కంట్రోలర్ కార్డు కొనడం. నాలుగు డిస్కులను కలిపి ఒకటిగా నడిపించేది ఆ కార్డు. కొత్తవి రావడం మానేసి చాలాకాలమైంది. చెన్నై, బెంగుళూరు ఆఫీసులు వదిలించుకున్న యంత్రాల్లోంచి ఊడదీసినవి బాలసుబ్రమణ్యం అంగడిలో దొరుకుతాయి. సర్వరు అమ్మింది కూడా అతనే. ముందు కొన్న మూడు కార్డులూ బీరువాలో, భార్య ప్రసన్నకుమారి చీరల అరలో, కవరు విప్పకుండా ఉన్నాయి.

సర్వరులో ఉన్నది ప్రసన్నకుమారి గొంతు. చూపులేని పిల్లల బడి కోసం పదకొండేళ్ళు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసింది. పాత పుస్తకాలవి ఎప్పుడో బడికి చేరాయి. పదో తరగతి పుస్తకాలు మారాక, అప్పటికే జబ్బుతో ఉండి చదివినవి మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. మధ్యమధ్య దగ్గులు తీసేసి ఇద్దామని జయచంద్రే అన్నాడు. ఫాల్గుణంలో ఆమె పోయింది. తర్వాత ఒకరోజు పని మొదలుపెట్టాడు. సైన్సు పాఠం మధ్యలో వంటింట్లోంచి కుక్కరు కూత వినిపిస్తుంది. ఆమె చదవడం ఆపి, "రెండు" అని తనలో తాను లెక్కపెట్టుకుని, మళ్ళీ చదువుతుంది. అక్కడ ఆపేశాడు. ఇక ముందుకు పోలేదు.

ఆ పాఠాల కోసం బడిలో పదమూడు మంది ఎదురుచూస్తున్నారు. వాళ్ళకు చదువు చెప్పే లోహితకూ చూపు లేదు, ఆమె పది పాసయింది కూడా ఆ గొంతు వినే. "కార్డు పోయిందమ్మా, దొరకగానే ఇస్తా" అని దసరా తర్వాత చెప్పాడు. వేరే ఎవరి చేతనైనా చదివిద్దామని బడిలో అంటే ఆమె ఒప్పుకోలేదట. మేడం గొంతు ఉండగా ఇంకొకరెందుకు అన్నదట. పరీక్షలు మార్చిలో. డిసెంబరు సగం గడిచిపోయింది.

మేడమీద రెండు గదుల అంగడి. నేలమీద ఊడదీసిన రేకులు, వైర్ల చుట్టలు, గంపనిండా చిన్న ఫ్యాన్లు.

"రాన్నా రా. నీకోసరమే ఒకటి ఎత్తిపెట్టినా" అన్నాడు బాలసుబ్రమణ్యం. "అయినా ఇది నాలుగోది. ఏం చేస్తాండావు వీటిని? వాకిటికి తోరణం కడతాండావా?"

"సరిపోలేదప్పా."

"సరిపోకపోయేదానికి అవేమన్నా చెప్పులా? మూడూ నేనే ఈడ పెట్టి సూసినా. రవ్వంత కూడా తేడా లేదు. ఇట్ల కూర్చో, దీన్ని నీ ముందరే సూపిస్తా."

బల్లమీది యంత్రంలో కార్డు గుచ్చి, రెండు పాత డిస్కులు తగిలించి మీట వేశాడు. నల్లటి తెరమీద తెల్లని అక్షరాలు వచ్చాయి.

"సూడు, ఇప్పుడిది మనల్ని అడగతాది. ఈ డిస్కుల్లో పాతది ఉండాది, దాన్నే వాడుకుంటావా, తీసేసి కొత్తగా మొదులుపెడతావా అని. పాతదే అనాల. కొందరు మహానుభావులుంటారు, ఏమడిగినా సరే సరే అని నొక్కేస్తారు. పోయినవారం గూడూరాయన ఒకడు అట్లే నొక్కి, కార్డు మంచిది కాదని నా మీదికి కొట్లాటకొచ్చినాడు."

జయచంద్ర ఆ అక్షరాలను అంతకుముందే చూశాడు.

ఆయుధపూజ రోజు మిక్సీకీ ఇస్త్రీపెట్టెకూ కత్తిపీటకూ బొట్లు పెట్టాక ప్రసన్నకుమారి సర్వరు దగ్గరికి వచ్చేది. పెట్టెమీద బొట్టు పెడితే ఆమెకు చాలదు. "కష్టపడేవి లోపలుంటే రేకుకు పెట్టి ఏం లాభం?" అనేది. అతను యంత్రం ఆపి నాలుగు డిస్కులూ లాగి అరిటాకు మీద పెట్టేవాడు. ఆమె ఒక్కోదానికి గంధం, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, ఎడమనుంచి వరసగా అందించేది. ఆ వరస ఆమె చేతుల్లో ఉండేది. అతను ఎప్పుడూ చూసుకోలేదు.

ఈసారి ఒక్కడే చేశాడు. చేయకపోతే ఆమె ఇంకోసారి పోయినట్టుంటుందనిపించింది. టెంకాయ కొట్టగానే నీళ్ళు ఆకుమీదికి పారాయి. తడుస్తాయని నాలుగింటినీ ఒక్కసారిగా ఎత్తుకున్నాడు. ఏది ఎక్కడ పెట్టాడో తెలియదు. వరస మారిందేమో, మీట వేస్తే తెరమీద ఏదో అడిగింది. కళ్ళద్దాలు చేతికి దొరకలేదు. నొక్కాడు. మళ్ళీ అడిగింది. ఒకసారి సరే అన్నాక రెండోసారి ఎందుకు ఆలోచిస్తాం? మళ్ళీ నొక్కాడు. అంకెలు పెరగడం మొదలయ్యాయి. ఒకటి, రెండు శాతం. తానే బాగుచేసుకుంటోందనుకున్నాడు. కుర్చీ వేసుకుని, పూజలో పెట్టిన గుగ్గిళ్ళు తింటూ, మధ్యాహ్నమంతా దాని ఎదురుగా కూర్చున్నాడు. పాపం, ఎంత ఓపికగా చేస్తోందో అనుకున్నాడు. డెబ్బై దగ్గర లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు. నూరు అయ్యాక చూస్తే డిస్కుల్లో ఏమీ లేదు.

అప్పటినుంచి కార్డులు కొంటున్నాడు. కొన్నది పెట్టి చూడడు. పెట్టి చూడని కార్డు ఒకటి మిగిలి ఉన్నంతకాలం ఆమె ఎక్కడో లోపల చదువుతూ ఉన్నట్టే. ఇది పిచ్చి అని తెలుసు. తెలిసిన పిచ్చి ఇంకా ఎక్కువకాలం నిలుస్తుందని ఇప్పుడు తెలుస్తోంది.

"డిస్కులు నా దగ్గరికి తెచ్చెయ్యన్నా" అంటున్నాడు బాలసుబ్రమణ్యం. "నేనే సూస్తా. పైపైన తుడిసింటే ఎట్లో ఒకట్ల ఎనక్కి తేవచ్చు. నూరు దాకా పోనిస్తే మాత్రం కాళహస్తీశ్వరుడొచ్చినా కాదు. నువ్వేం నొక్కలేదు గదా?"

"లేదు" అనడానికి జయచంద్ర నోరు తెరిచాడు. రెండు నెలలుగా ఆ మాట దానంతట అదే వచ్చేది.

"నూరు దాకా పోయింది" అన్నాడు.

బాలసుబ్రమణ్యం యంత్రం ఆపాడు. కార్డు మెల్లగా ఊడదీసి, కవర్లో పెట్టి, జయచంద్రకు ఇవ్వకుండా తన ఒడిలోనే పెట్టుకున్నాడు.

"అక్క చదివినవి గదా?"

"ఊఁ."

"ఒక డిస్కు పోయినా మిగతావి కాపాడతాయి, ఇంకో కాపీ ఎందుకు అని సర్వరు అమ్మిన పొద్దు నేనే అంటి." అతను ఒడిలోని కార్డును తీసి బల్లమీద పెట్టాడు. "మరి మూడు కార్డులు ఎందుకు కొనుక్కోనిపోయినావన్నా?"

జయచంద్ర కుర్చీలోంచి లేచాడు.

"కాఫీ తెప్పిస్తానుండు."

"వద్దప్పా."

మెట్లు దిగుతూ సగంలో ఆగాడు. కింద వీధిలో ఎవరో బేరమాడుతున్నారు. గోడకు ఆనుకుని ఫోను తీశాడు. రెండో మోతకే లోహిత ఎత్తింది. వెనకనుంచి పిల్లల గోల వినిపిస్తోంది.

"సార్, దొరికినాదా? ఒరే, సప్పుడు చెయ్యొద్దండి, సారు మాట్లాడతాండాడు!"

గోల ఆగింది. పదమూడు మందీ వింటున్నారు.

"లోహితా, కార్డు పోలేదమ్మా" అన్నాడు జయచంద్ర. "నేనే తుడిచేసినాను. ఇంకొకరి చేత చదివించుకోండి."