గీత దాటిన ఏళ్లు

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడం అనేవారు, వెనకాల దశాంశం అనేవారు. ఎవరైనా అంకెను సర్ది గుండ్రంగా చేసి తెస్తే ఒప్పుకునేది కాదు. "బిందువు తర్వాతవి ఏమయ్యాయి, మింగేశారా?" అని కాగితం వెనక్కి తోసేసేది. ఆ పేరు ఒకసారి ఆమె చెవినే పడింది. కోపం రాలేదు సరికదా, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

దేశం మొత్తం మీద ఏడాదిలో జనం పండించింది, తయారుచేసింది, చేసిపెట్టిన చాకిరీ అంతటికీ విలువ కట్టి, దాన్ని జనాభాతో భాగించడం ఆ ఆఫీసు పని. ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చాలంటే పెరిగిన ధరలను పక్కకు తీయాలి కాబట్టి, ఏదో ఒక సంవత్సరాన్ని ఆధారంగా పెట్టుకుని, ఆ ఏటి ధరల్లోనే అన్నీ లెక్కవేస్తారు. వాళ్లు వాడుతున్న ఆధార సంవత్సరం పాతబడి మూలుగుతోంది. అందులో టైపు నేర్పే సంస్థలు ఉన్నాయి, ఫోటో రీళ్లు కడిగే దుకాణాలు ఉన్నాయి. ఫోన్లు బాగుచేసే కొట్లు లేవు, ఇంట్లో వండి డబ్బాల్లో పంపే ఆడవాళ్లు లేరు. ఎట్టకేలకు దాన్ని మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మిగతావాళ్లు కొత్త సర్వేలు పంచుకున్నారు. గడిచిన సంవత్సరాలన్నిటినీ కొత్త కొలతలోకి తిరగరాసే పని దశాంశానికి వచ్చింది. ఓపిక ఉన్నవాళ్లకే అది అప్పగిస్తారు.

ఆమె, తల్లి, తమ్ముడు ఒకే ఇంట్లో ఉంటారు. తమ్ముడిది పుట్టుకతో వచ్చిన జబ్బు, రక్తం గడ్డకట్టదు. చిన్నప్పుడు మోకాలు దేనికైనా తగిలితే లోపల్లోపలే రక్తం కారి, కాలు గుమ్మడికాయంత అయ్యేది. వారాల తరబడి మంచం మీదే. స్కూలు పుస్తకాలు అక్కే చదివి వినిపించేది. ఆ తర్వాత పెద్దాసుపత్రికి బయటి దేశాల సంస్థ ఒకటి సూదిమందు ఉచితంగా పంపడం మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు వేయించుకుంటే చాలు, మామూలు మనిషే. కొనుక్కోవాలంటే మాత్రం ఇల్లమ్మినా ఏడాదికి చాలదు. ఆ మందు పుణ్యమా అని తమ్ముడు లేచి తిరిగాడు, పని నేర్చుకున్నాడు, మార్కెట్టు మెట్ల కింద ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు.

సర్వే జరిగే రోజుల్లో ఒక సాయంత్రం అన్నం దగ్గర కూర్చుంటూ అన్నాడు.

"అక్కా, ఇవాళ మీవాళ్లు మా కొట్టుకొచ్చారు. నెలకెంత మిగులుతుందని అడిగారు."

"ఏం చెప్పావ్?"

"ఉన్నదే చెప్పాను. తగ్గించి చెప్పాల్సిందా?"

"చాల్లే. ఉన్నది చెబితేనే కదా మా లెక్క కుదిరేది!" అని నవ్వి కూర వడ్డించింది.

అంకెలన్నీ వచ్చి చేరాక చూస్తే దేశం ఇన్నాళ్లూ అనుకున్నదానికంటే అయిదో వంతు పెద్దది. డైరెక్టరుగారు గదిలోంచి బయటికొచ్చి మరీ అందరికీ కేకు పంచారు. మంత్రి టీవీలో మాట్లాడాడు. ఒక్క రోజులో దేశ తలసరి ఆదాయం పెరిగిపోయింది. ఎవరి జేబులోనూ చిల్లిగవ్వ అదనంగా పడలేదు, అది వేరే సంగతి. ఈ యేటిది ఒక్కటే పెంచితే ఉన్నట్టుండి గెంతినట్టు కనబడుతుంది కాబట్టి, వెనకటి ఏళ్లన్నీ కూడా దశాంశం చేతిమీదుగా ఒద్దికగా మెట్టుమెట్టుగా పైకి లేచాయి. తన పని చూసుకుని ఆమె మురిసిపోయింది.

రెండు నెలల తర్వాత తమ్ముడితో ఆసుపత్రికి వెళ్లినప్పుడు హెడ్ నర్సు ఆమెను పక్కకు పిలిచింది.

"మేడం, మీరు లెక్కల ఆఫీసులో చేస్తారు కదా, ఇదేంటో కాస్త చెప్పండి. వచ్చే ఏడాది నుంచి ఈ మందు పంపరట. పేద దేశాలకే ఇస్తారట, మనం ఇప్పుడు పేద కాదట."

"ఎవరన్నారు?"

"ఆ సంస్థవాళ్లే. తలసరి ఆదాయానికి వాళ్లకేదో గీత ఉందట. వరసగా మూడేళ్లు దానికి పైన ఉంటే జాబితాలోంచి తీసేస్తారట. నాకర్థం కానిదల్లా ఒకటే. నిన్నమొన్నటిదాకా మనం గీత కిందే ఉన్నాం కదా, మూడేళ్లు ఎప్పుడు గడిచాయి మేడం?"

ఎప్పుడు గడిచాయో ఆమెకు తెలుసు. ఆ మూడేళ్లనూ పైకి లేపింది తనే. "కనుక్కుంటాను" అని మాత్రం అనగలిగింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారి గదిలో నిలబడింది. ఆయన మంచివాడే. కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు, చివరిదాకా విన్నారు.

"వెనకటి ఏళ్లవి ఇంకొన్నాళ్లు పరిశీలనలో ఉన్నాయని ప్రకటిద్దామండీ. ఒక్క ఏడాది గడువు దొరికినా చాలు."

"పరిశీలన అయిపోయిందని సంతకం పెట్టింది నువ్వే కదమ్మా. లెక్కలో తప్పుందా?"

"లేదండీ."

"మరి నన్నేం చేయమంటావు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి సంస్థవాళ్ల నంబరు వెతికి, తన ఫోనులోంచే కలిపి ఇచ్చారు. అవతల మాట్లాడినాయన కూడా మర్యాదస్తుడు. మీ బాధ అర్థమైందన్నాడు. మీకంటే కింద ఇంకా ఎన్నో దేశాలు ఎదురుచూస్తున్నాయి, ఉన్న మందు వాళ్లకు పంపాలి కదా అన్నాడు. అదీ నిజమే. ఫోను పెట్టేసేముందు, మీ దేశం ఎదిగినందుకు అభినందనలు అని కూడా అన్నాడు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. తమ్ముడు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి అడిగాడు.

"నా కొట్టు కూడా అందులో ఉందా?"

"ఉంది. అలాంటివి వేలల్లో ఉన్నాయి."

"ముందే చెప్పొద్దూ! మూసేసి ముసుగు తన్ని పడుకునేవాణ్ణి కదా."

అతను నవ్వాడు కానీ ఎవరూ తోడు నవ్వలేదు. తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఇంతకీ ఆ లెక్క ఎవరు వేశారే?"

"నేనేనమ్మా."

"నువ్వే వేశావా? హమ్మయ్య, మరింకేం. రేపెళ్లి తీసెయ్."

"తీసెయ్యడానికి కుదరదమ్మా. అది ఉన్న సంగతే."

"ఉన్న సంగతా? మనింట్లో ఏం పెరిగిందో చూపించు చూద్దాం!" అని తల్లి ఇల్లంతా కలయజూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "మరి అంత పెద్ద ఆఫీసులో నువ్వుండి ఏం లాభమే?"

ఆ మాట ములుకులా దిగింది. ఆ మర్నాటి నుంచి దశాంశం తన లెక్కలో తప్పు వెతకడం మొదలుపెట్టింది. సర్వీసంతా ఇతరుల తప్పులు పట్టిన మనిషి, తన దగ్గర ఒక్కటి దొరికితే బాగుండునని దేవులాడింది. ఇళ్ల అద్దెలు, చేపల పడవలు, ఇటుక బట్టీలు, జుట్టు కత్తిరించే దుకాణాలు, ఒక్కొక్కటీ విప్పి మళ్లీ కట్టింది. మధ్యాహ్నం టీ చల్లారిపోయేది. పక్క సీటాయన "ఏంటి మేడం, అంతా అయిపోయాక మళ్లీ తవ్వుతున్నారు?" అంటే వినపడనట్టు పేజీ తిప్పేది.

చివరికి ఒక తప్పు దొరికింది. జనాభాలో. పనుల కోసం బయటి దేశాలకు వెళ్లిపోయినవాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నట్టు కొన్నేళ్లుగా లెక్కలో ఉండిపోయారు. ఆమె వెంటనే వాళ్లను తీసేసి, మళ్లీ భాగించింది. భాగించకముందే తెలియాల్సిన విషయం, ఆశతో ఉన్న బుర్రకు తట్టలేదు. పంచుకునేవాళ్లు తగ్గితే ఒక్కొక్కరి వాటా పెరుగుతుంది. అంకె గీతకు ఇంకాస్త పైకి వెళ్లి కూర్చుంది.

సవరణ కాగితం పట్టుకెళ్తే డైరెక్టరుగారు చదివి, ఆమె మొహంలోకి చూశారు.

"ఇది నువ్వు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదేమో."

"చెప్పినా చెప్పకపోయినా మందైతే రాదు కదండీ" అంది ఆమె. ఆయన సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఏడాది తిరిగింది. ఆసుపత్రి తన ఖర్చుతో కొంత మందు కొంది. అది అందరికీ చాలదు కాబట్టి, ముందుజాగ్రత్తగా వేయడం ఆపేసి, రక్తం కారడం మొదలైనవాళ్లకే వేస్తామన్నారు. అందులోనూ పిల్లలు ముందు. హెడ్ నర్సు ఇప్పుడు ఆమెను చూస్తే తల తిప్పుకుని వెళ్లేది. కసితో కాదు, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేక. తమ్ముడికి కుడి మోచెయ్యి మూడుసార్లు వాచింది. మూడోసారి వాపు తగ్గాక చెయ్యి పూర్తిగా చాపలేకపోయాడు, పూర్తిగా ముడవనూ లేకపోయాడు. కొట్టు వేరేవాళ్లకు అప్పగించేశాడు. పాత ఖాతాదారులు ఒకరిద్దరు ఇంటికే తెచ్చి ఇచ్చిపోయేవారు. ఆ యేటి తలసరి ఆదాయం కూడా పెరిగిందని ఆఫీసు ప్రకటించింది. ఆ ప్రకటన రాసింది దశాంశమే.

సెలవురోజు మధ్యాహ్నం తమ్ముడు మంచం మీద మోచేతికి ఐసు సంచి పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి ఇంటావిడ ఫోను విప్పి బల్ల మీద పెట్టి ఉంది. ఎడం చేత్తో ప్రయత్నించి విసుగెత్తి, అక్కను పిలిచాడు.

"నే చెబుతాను, నువ్వు బిగించు. ఆ చిన్నదాన్ని పటకారుతో పట్టుకో. అలా కాదు, మెల్లిగా."

ఆమె ఊపిరి బిగబట్టి, ఆవగింజంత స్క్రూను ఎత్తింది. సరిగ్గా కన్నం దగ్గరికి తెచ్చేసరికి పటకారు సడలింది. అది జారి బల్ల మీద చిన్నగా టిక్కుమని, ఎక్కడో కింద పడింది.

"అయ్యో! ఒక్కటే ఉంది అది."

"ఉండరా, తీస్తాను."

ఆమె నేల మీద మోకరిల్లి మంచం కిందికి చెయ్యి పోనిచ్చింది. దుమ్ము, ఒక పిన్నీసు, పాత బిళ్లల అట్ట తగిలాయి. తల్లి వచ్చి టార్చి వేసి పట్టుకుంది.

"దొరికిందా?" అడిగాడు తమ్ముడు.

"లేదు."

"చూడక్కా, అక్కడే ఉంటుంది."

ఆమె ఇంకొంచెం ముందుకు వంగి, అరచేత్తో నేలంతా తడుముతూనే ఉంది.