దేవమ్మ నింపిన డబ్బా

వెంకటేశం సారు వస్తాడని కబురందిన దగ్గర్నుంచి సర్పంచి నర్సింహమ్మ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉంది. ఆయన పొల్యూషన్ ఆఫీసు మనిషి. ఊరూరా బావినీళ్లు డబ్బాలో పట్టుకుపోయి పరీక్షకు పంపడం ఆయన పని. ఆ రిపోర్టు మండల పరిషత్తుకు వస్తుంది. నీళ్లు చెడ్డవని తేలిన ఊరికి మంచినీళ్ల ట్యాంకరు నడుస్తుంది. బాగున్నాయంటే ఆగిపోతుంది.

ఇస్నాపూర్ సడక్ దిగి లోపలికి పోతే వచ్చే ఆ ఊరికి ట్యాంకరే ప్రాణం. ఎగువనున్న ఫ్యాక్టరీల మురుగు వాగులో కలిసిన కొన్నాళ్లకు చుట్టుపక్కల బావులన్నీ పసుపురంగుకు తిరిగాయి. ఆ నీళ్లు పారించిన వరి మాడిపోయింది. తాగిన చూలుబర్రెలు ఈచుకుపోయాయి. ఇంత జరిగినా బావి చెడిందని కాగితం మీద పడితే గానీ చెడినట్టు కాదు. సర్కారు లెక్క అట్లా ఉంటుంది మరి.

జీపు మధ్యాహ్నం దాటాక వచ్చింది. వెంకటేశం బక్కపల్చటి మనిషి, మర్యాదస్తుడు. పొద్దు వాలకముందే వాగు కూడా చూడాలని ఆయన తొందర. నర్సింహమ్మ ఇంటి ముందే చేదబావి ఉంది. ఆమె అత్త దేవమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"అవ్వా, ఈ డబ్బా నిండ నీళ్లు పోసి పెట్టు. మేం వాగు కాడికి పోయొస్తం" అని తెల్లటి డబ్బా ఆమె చేతికిచ్చాడు. నీళ్లు ఆయన తన చేత్తోనే తోడుకోవాలనేది రూలు. రూలుకేం, చేతులు నొప్పి పుట్టేది మనుషులకు కదా!

నర్సింహమ్మ ఆయన్ని వాగు పొడుగునా తిప్పింది. ఎర్ర నురగ చూపించింది, ఆకు నిలవని చింతచెట్టు చూపించింది. తిరిగొచ్చేసరికి డబ్బా నిండి, మూత బిగించి, అరుగు మీద సిద్ధంగా ఉంది. వాగు వాసనకు ఇద్దరి ముక్కులూ మొద్దుబారి ఉన్నాయి. మూత తీసి చూడాలని ఎవరికీ తోచలేదు. ఆయన లక్క కరిగించి సీలు వేశాడు, ఆమె సాక్షి సంతకం పెట్టింది. జీపు కదిలాక హమ్మయ్య అనుకుంది.

మండల సమావేశంలో ప్రెసిడెంటు రాజారావు ఆ ఊరి రిపోర్టు చదివినప్పుడు తెలిసింది. నీళ్లు తాగడానికి భేషుగ్గా పనికొస్తాయట!

నర్సింహమ్మ దిగ్గున లేచింది. "గదెట్లయితది సారూ? ఆ నీళ్లల్ల చెయ్యి పెడితే దద్దుర్లొస్తున్నయ్. ఎవలో మార్చిండ్రు!"

"సీలు పగలలేదమ్మా. కింద సంతకం నీదే గద?" అన్నాడు రాజారావు. "ట్యాంకరు కోసం అవతల ఇంకో ఊరు మొత్తుకుంటున్నది. మీ బాయి మంచిగున్నందుకు సంబురపడాలె గని గిట్ల కొట్లాటేంది?"

మిగతా సర్పంచులు నవ్వారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఫ్యాక్టరీవాళ్లు కొన్నారు, వెంకటేశం అమ్ముడుపోయాడు అని దారి పొడుగునా తిట్టుకుంటూ ఇల్లు చేరింది. గడప తొక్కుతూనే విషయం చెప్పి, ఆ డబ్బాను ముట్టినవాళ్ల వంశమంతటి మీదా దుమ్మెత్తిపోసింది.

దేవమ్మ బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తింది. "ఎవలు మార్చలేదే. నేనే పోసిన."

"నువ్వు పోసినవు గని, బాయిలయే గద అత్తా?"

"బాయియా? థూ! వాకిట్లకొచ్చి నీళ్లడిగినోనికి గా పాడునీళ్లు పోసిస్తనా? పగోనికన్న ఇస్తరా? ట్యాంకరు నీళ్లు బిందెల ఉండె. తెల్లగుడ్డ పెట్టి వడగట్టి పోసిన."

నర్సింహమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో అత్తా! అవి తాగనీకి కాదు, పరీక్షకు!"

"పరీక్షకని నాకు తెల్వదా? పిల్లను సూడనీకొస్తే చింపిరి జుట్టుతోటి కూసోబెడ్తమా? మన ఊరి నీళ్లు పోయి పట్నపోళ్ల ముందల నిలబడతయి. నామోషి కాదా?"

కోపం రావాలి, వచ్చింది కూడా. దాంతోపాటే నవ్వూ ఏడుపూ వచ్చి నర్సింహమ్మను అక్కడే కూలేశాయి. ఆ పూట ఇంట్లో పిల్లాపెద్దా నాలుక తడుపుకునే నీళ్లు అవి. వాటినే ముసలమ్మ మర్యాద కోసం డబ్బాలో పోసింది. ఆమెను ఏమని తిట్టాలి?

ఇక అటు చెప్పనూ లేక, ఇటు దాచనూ లేక సతమతమైంది. చెబితే ఊరంతా కలిసి మోసం చేసిందంటారు, దేవమ్మ నలుగురి నోళ్లలో పడుతుంది. చెప్పకపోతే గొంతులెండుతాయి. రెండు రోజులు ఆగి, చివరికి మండలాఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. రాజారావు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఊళ్లోవాళ్ల చేత డబ్బా నింపించినందుకు వెంకటేశానికి తన ఆఫీసులో చీవాట్లు పడ్డాయి.

"మళ్ల నీళ్లు తీపిస్తం. రిపోర్టు వచ్చేదాంక ట్యాంకరు ఆగుతది. ఏం చెయ్యను, నా చేతిల లేదు" అన్నాడు రాజారావు, నవ్వు తుడుచుకుంటూ.

ట్యాంకరు ఆగింది. ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని సడక్ మీది హోటళ్ల దాకా నడిచారు, వాళ్లు పోస్తే నీళ్లు, లేకపోతే లేదు. "సర్పంచమ్మ అత్త మర్యాద, మా నెత్తిన బిందె" అని వినబడేట్టే అన్నారు. దేవమ్మ విననట్టే ఉండేది. కానీ అరుగు మీద కూర్చోవడం మానేసింది.

వెంకటేశం మళ్లీ వచ్చాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈసారి ఎవరినీ అడగలేదు. తనే చేద వేశాడు, తనే తోడాడు. పసుపునీళ్లు డబ్బాలోకి దిగుతుంటే వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నర్సింహమ్మ బావి గట్టు పట్టుకుని ఒక్కొక్క చుక్కనూ చూసింది. ఈసారి తప్పదు, ట్యాంకరు మళ్లీ వస్తుంది. సంతకం పెడుతుంటే చేతికి బలం వచ్చినట్టయింది.

చేద లాగి లాగి వెంకటేశం చొక్కా తడిసిపోయింది. నీడకు వచ్చి నిలబడి, అలవాటు కొద్దీ లోపలికి వినబడేలా పిలిచాడు. "అవ్వా, జెర మంచినీళ్లియ్యవా?"

నర్సింహమ్మ గుమ్మం వైపు చూసింది. పొద్దున తెచ్చిన బిందె గంజికే అయిపోయింది. ఆ సంగతి అత్తకూ తెలుసు. అయినా లోపల చెంబు అందుకున్న చప్పుడు వినిపించింది. బిందె వంచిన చప్పుడు వినిపించింది. నీళ్లు పడిన చప్పుడు మాత్రం రాలేదు.

దేవమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో చెంబు లేదు.

"మా ఇంట్ల నీళ్లు లేవు బిడ్డా" అంది.

ఆయన ఏదో అనబోయాడు. వాకిట్లో మనిషి నిలబడి ఉండగానే దేవమ్మ తలుపు వేసుకుంది.